గుట్ట వెనక తోట

కిందటి నెలలో మా అక్క మనవరాలు మా ఇంటికి వచ్చింది. మాఘమాసంలో దాని పెళ్ళి. ఇప్పటి పెళ్ళిళ్ళకి ముందే ఒక ఫోటోల తతంగం ఉంటోందని మీకూ తెలిసే ఉంటుంది. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ఊరవతల కొండా నీళ్ళూ చెట్టూ చేమా ఉన్న చోటు చూసుకుని చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడవడం, వాళ్ళ ముందు ఒకడు కెమెరా పట్టుకుని వెనక్కి వెనక్కి పరుగెత్తడం. నాంపల్లి స్టేషను వెనక సందులో మా బాల్కనీలో కూర్చుని పకోడీలు తింటూ, చిన్నమ్మమ్మా, నువ్వు అంతకాలం అబిడ్స్‌లో ఫోటో స్టూడియోలో పనిచేశావు కదా, సిటీకి దగ్గర్లో నేచురల్‌గా ఉండే చోటు ఏదైనా చెప్పవా, పార్కులు మాత్రం వద్దు, అందరూ అక్కడే దిగుతున్నారు అని అడిగింది. అడిగి ఊరుకోలేదు, తాను అప్పటికే చూసి పెట్టుకున్న చోటొకటి ఫోనులో చూపించింది. నిలువుగా కోసినట్టున్న రాళ్ళ మధ్య నీలంగా నిలిచిన నీళ్ళు, ఆ రాతి అంచున ఎవరో ఒక జంట. ఎంత బాగుందో చూడు అని అది మురిసిపోతుంటే నేను చేతిలో పకోడీ పళ్ళెంలో పెట్టేశాను. అది ఒకప్పుడు బండ కొట్టిన చోటని నాకు చూడగానే తెలిసింది.

వద్దమ్మా, మన పబ్లిక్ గార్డెన్ లేదూ, నడిచి వెళ్ళొచ్చు, అక్కడ దిగండి అన్నాను. అది పకపకా నవ్వింది. ఆ మరుసటి ఆదివారం వాళ్ళు ఆ రాళ్ళ దగ్గరికే వెళ్ళారు. నేను పొద్దుటినుంచీ ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, అన్నం కూడా సయించలేదు. దీపాల వేళకి ఎండకి కమిలిన ముఖాలతో నవ్వుకుంటూ క్షేమంగా తిరిగొచ్చారు. అంత కంగారెందుకు పడ్డావని అడిగితే ఏదో చెప్పి తప్పించుకున్నాను. వాళ్ళకి చెబితే కథలా వింటారు. మీరైతే నా ఈడువాళ్ళు, స్టూడియోకి వెళ్ళి తెర ముందు ఊపిరి బిగబట్టి ఫోటో దిగినవాళ్ళు, మీకు చెప్పుకుంటే కాస్త బరువు దిగుతుందనిపించింది.

నేను పుట్టు పిరికిదాన్ని. ఈ సంగతి మా అమ్మ నా చిన్నప్పుడే తేల్చేసింది. రాష్ట్రం ఏర్పడ్డాక మా నాన్న కోస్తానుంచి సెక్రటేరియట్‌లో గుమాస్తాగా వచ్చేనాటికి నేను చంకలో పిల్లని. నాంపల్లిలో ఒక పెంకుటింట్లో సగం వాటా కిరాయికి తీసుకున్నాం. మిగతా సగంలో ఉన్నవాళ్ళు తెలంగాణ పల్లె విడిచి పనికోసం వచ్చినవాళ్ళు. అందుకని నాకు ఇంట్లో ఒక తెలుగు, వాకిట్లో ఒక తెలుగు అలవాటయ్యాయి. రైలింజను ఆవిరి వదిలితే మంచం కింద దూరేదాన్ని. ఏటేటా జరిగే నుమాయిష్ ఎగ్జిబిషన్‌కి తీసుకెళితే అందరూ జెయింట్ వీల్ ఎక్కేవాళ్ళు, నేను కింద నిలబడి వాళ్ళ చెప్పులకి కాపలా కాసేదాన్ని. అఫ్జల్‌గంజ్ దగ్గర మూసీ వంతెన దాటుతుంటే కళ్ళు మూసుకుని మా అక్క జడ పట్టుకునేదాన్ని, అదేమో కావాలని వంతెన మధ్యలో ఆగి నిలబడేది. చదువయ్యాక నాకు ఉద్యోగం అనుకున్నప్పుడు, దీన్ని నీడపట్టున కూర్చోబెట్టే పనే చూడాలని మా నాన్న అబిడ్స్‌లో తనకు తెలిసిన ఒక ఫోటో స్టూడియోలో టచింగ్ పనికి కుదిర్చారు.

టచింగ్ అంటే ఇప్పుడు ఎవరికీ తెలియదు. ఏటవాలుగా ఉండే బల్ల, దాని నడుమ గరుకు అద్దం, కిందినుంచి వెలుతురు. ఆ అద్దం మీద నెగెటివు పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిలుతో మనుషుల ముఖాల మీది మచ్చలూ గుంటలూ కళ్ళ కింది నలుపూ చుక్క చుక్కగా పూడ్చాలి. పెళ్ళిచూపులకి పంపే ఫోటోలైతే చూసిన తల్లిదండ్రులే తమ పిల్లని గుర్తుపట్టడానికి కాస్త తడుముకునేంతగా పూడ్చేవాళ్ళం. పెద్ద పోస్టాఫీసు దాటి లోపలికి పోయే సందులో, ఒక బట్టలకొట్టు పైన ఉండేది మా స్టూడియో. మెట్లు ఎక్కుతుండగానే ఫోటోలు కడిగే హైపో మందు వాసన ముక్కుకి తగిలేది. నాకు ఆ వాసన ఇష్టం, ఆ చీకటిగది ఇష్టం, ఎండా వానా కుక్కా బస్సూ ఏదీ రాలేని ఆ మూల నాకోసమే కట్టారనిపించేది.

ఆ స్టూడియోలో ఫోటోలు తీసేది మా ఆయన. అప్పటికింకా మా ఆయన కాదు. గోదావరి కాలవ గట్టు మీద ఊరు వాళ్ళది, బడిపంతులుగారి అబ్బాయి, కెమెరా పిచ్చితో హైదరాబాదు వచ్చి రెండేళ్ళు కూడా కాలేదు. ఇక్కడి తెలుగు ఆయనకి సగం అర్థమయ్యేది, సగం అర్థమైనట్టు తల ఊపేవారు. మా స్టూడియో పెద్దాయన మా ఇద్దర్నీ కొంతకాలం గమనించి, ఒకనాటి సాయంత్రం తానే మా ఇంటికొచ్చి మా నాన్నతో మాట్లాడి సంబంధం కుదిర్చారు. పిరికిపిల్లకి నిదానస్తుడు దొరికాడని మా అమ్మ సంతోషించింది. ఆయన నిదానం స్టూడియో గదిలోనేనని మాకెవరికీ తెలియదు.

ఆ స్టూడియోలో ఒక కాశ్మీరు తెర ఉండేది. మంచుకొండ, దాని కింద సరస్సు, ఒక పడవ. మా నాంపల్లి, అబిడ్స్ చుట్టుపట్ల ఇళ్ళలో ఆ కాలపు ఆల్బం ఏది తెరిచినా ఆ కొండే కనిపించేది. చాలా ఏళ్ళు చుట్టీ విప్పీ ఆ తెర ముడతలు పడింది, కొండకి అడ్డంగా చిరిగింది కూడా. ఆ చిరుగు కనపడకుండా కుటుంబంలో పొడుగాటి మనిషినెవరినైనా అక్కడ నిలబెట్టేవాళ్ళం. పొట్టివాళ్ళ కుటుంబం వస్తే పాట్లే. చివరికి పెద్దాయన కొత్త తెర రాయించాలని నిశ్చయించారు. ఈసారి కాశ్మీరు వద్దు, మన ఊరి చుట్టుపక్కల ఉండే నిజమైన కొండో చెరువో ఉండాలి, ముందు దాన్ని ఫోటో తీసుకొస్తే ఖైరతాబాద్‌లో వినాయకుడి బొమ్మలకి రంగులు వేసే ఒకాయన ఉన్నాడు, ఆయన చూసి రాస్తాడు అన్నారు. ఆ ఫోటో తెచ్చే పని మా ఆయనకి పడింది.

అప్పటికి మా పెళ్ళయి ఏడాది కాలేదు. ఆదివారం వస్తే మా ఆయన అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లోంచి విదేశీ ఫోటో పత్రికలు ఏరుకొచ్చేవారు. వాటినిండా ఆకుపచ్చని లోయలు, చెట్ల నీడలు పడ్డ నీళ్ళు. అలాంటివి ఇక్కడెక్కడున్నాయో వెతకాలని ఆయన పట్టుదల. కాలవలూ వరిచేలూ కొబ్బరితోటలూ చూస్తూ పెరిగిన కన్ను అది. పచ్చగా లేనిదేదీ ఆ కంటికి దృశ్యం కాదు. అప్పట్లో ఏ బస్సెక్కినా చివరి స్టాపులో దిగి కాస్త నడిస్తే ఊరు అయిపోయేది, అక్కడినుంచి రాళ్ళు. ఏనుగంత రాళ్ళు, ఇల్లంత రాళ్ళు, ఒకదాని మీద ఒకటి, ఇప్పుడో ఇంకాసేపటికో జారి పడేట్టు. నాకు వాటి కింద నడవాలంటే ప్రాణాలు గుప్పెట్లో ఉండేవి. ఆయనకి మాత్రం అవి విసుగు. రాయిని తీస్తే రాయే పడుతుంది కదా, అందులో ఏముంది అనేవారు.

పోనీ నన్ను ఇంట్లో వదిలి వెళ్ళొచ్చు కదా అంటారేమో. ఒకసారి వదిలి వెళ్ళారు. ఆ రోజంతా నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను, మా అత్తగారు ఊరినుంచి వచ్చి ఉన్నారు, ఆవిడ నన్ను చూసి తానూ భయపడి తులసికోట చుట్టూ తిరిగారు. ఇంట్లో కూర్చుని భయపడేకంటే పక్కనుండి భయపడడమే నయమని ఆ తర్వాత నేనే వెంట బయలుదేరేదాన్ని. ఆయన కెమెరా గుండెల మీద వేలాడదీసుకుని పైనుంచి లోపలికి తొంగిచూసే రకం. ఆ చూపులో పడ్డారంటే అడుగెక్కడ వేస్తున్నారో తెలియదు. కెమెరాలో పట్టినంతే లోకం, దానికి అవతల గుంటా గోతీ ఏవీ లేనట్టే. గండిపేట గట్టు మీద నీళ్ళ అంచుకి వంగితే నేను చొక్కా వెనక పట్టుకుని నిలబడేదాన్ని. ఒక పొలంలో వెనక్కి వెనక్కి నడుస్తూ గట్టు లేని బావి దాకా వచ్చేస్తే నేను పెట్టిన కేకకి ఆయన ఆగారు, కానీ తీయబోతున్న కొంగ ఎగిరిపోయిందని బస్సులో ఇంటిదాకా మాట్లాడలేదు. ఇంకొకచోట పాము కుబుసం దొరికితే ఎండకి పెట్టి అందంగా ఉందన్నారు. నాకు రాత్రిళ్ళు కలల్లో ఆయన ఎక్కడినుంచో జారుతూనే ఉండేవారు, నేను చొక్కా పట్టుకుంటే చొక్కా ఒక్కటే చేతిలో మిగిలేది.

అసలు సంగతికి వస్తాను. శివరాత్రికి ముందు ఒక ఆదివారం. అఫ్జల్‌గంజ్‌లో బస్సెక్కి ఊరికి పడమటి వైపు చివరి స్టాపులో దిగి, ఎవరో చెప్పిన చెరువు కోసం నడిచాం. చెరువు ఎండి, నడుమ బురద, బురదలో బర్రెలు. ఆయన ముఖం చూస్తే జాలేసింది. ఇంకాస్త ముందుకు పోదామన్నారు. ఒక పెద్ద గుట్ట ఎదురైంది, ఎండలో నల్లగా తెల్లగా మచ్చలు మచ్చలుగా, బాగానే ఉంది చూడ్డానికి. గుట్ట పక్కనుంచి వెనక్కి పోయే బండిబాట. ఆ బాట మొదట్లో రేగుకంపకి ఒక ఎర్రగుడ్డ కట్టి ఉంది. గుట్ట మీద ఏ పోచమ్మో మైసమ్మో ఉన్నట్టుంది అనుకుని నేను చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకున్నాను, మా ఆయన్ని చల్లగా చూడమని మొక్కుకున్నాను. ఆయనా మొక్కుబడిగా ఒక నమస్కారం చేసి, వచ్చినందుకు ఒకటైనా ఉండాలని గుట్టనీ కంపనీ కలిపి ఒక ఫోటో తీశారు. మేము చూసి వెనక్కి తిరగవలసిన గుడ్డకి దణ్ణం పెట్టుకున్నామని అప్పుడు తెలియదు.

చెప్పులు మళ్ళీ వేసుకోబోతే ఒకదాని పట్టీ తెగింది. నేను ఒక రాతి నీడన కూర్చుని పిన్నీసుతో దాన్ని సరిచేసుకుంటుంటే ఆయన బాట మీద ముందుకు పోయారు. ఎదురుగా మేకల్ని తోలుకుంటూ ఒక ముసలావిడ వస్తోంది. వాళ్ళిద్దరూ ఏదో మాట్లాడుకోవడం కనిపించింది, ఆవిడ చెయ్యి ఊపుతోంది, ఆయన నవ్వుతున్నారు. తర్వాత ఆయన నావైపు తిరిగి, చేతులు నోటి దగ్గర పెట్టుకుని, ఎంతో సంతోషంగా అరిచారు.

"గుట్ట వెనక తోట పెట్టారట. రావద్దంటోంది పాపం. కాయలు కొయ్యం లెమ్మని చెప్పాను. ఇప్పుడే వచ్చేస్తా."

ఇన్ని వారాలుగా ఆయన వెతుకుతున్న పచ్చదనం దొరికిందని నాకూ సంతోషమే అయింది. ఆయన గుట్ట మలుపు తిరిగి కనపడకుండా పోయారు. ఆయన నడకలో అంత హుషారు నేను చాలాకాలంగా చూడలేదు.

ముసలావిడ మేకల్ని అదిలించుకుంటూ నా దగ్గరికి తొందర తొందరగా వచ్చింది.

"గాయన నీ ఇంటాయననా బిడ్డా? తోట వెట్టిన్రు పోవద్దయ్యా అంటే నవ్వుకుంట పోయిండు."

"ఒక్క ఫోటో తీసుకుని వచ్చేస్తారవ్వా, కాయల జోలికి పోరు" అన్నాను నేను.

ఆవిడ నన్ను వింతగా చూసింది. "కాయలేంది? గాడ కాయలెక్కడియి? బండ పలగ్గొట్టనీకి తోట వెట్టిన్రు బిడ్డా. ఇప్పుడే అంటువెడ్తరు."

బండలు పగలగొట్టే మందుగుండుని తోటా అంటారని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మా కోస్తాలోనూ నదుల్లో చేపల్ని చంపడానికి తోటాలు పేలుస్తారట, తర్వాత ఎవరో చెప్పారు. కానీ బడిపంతులుగారి ఇంట్లో ఆ మాట ఎవరంటారు, నాంపల్లిలో సెక్రటేరియట్ గుమాస్తా ఇంట్లో ఎవరంటారు. పైగా ఆ ముసలావిడ చివరి దీర్ఘాన్ని మింగేసింది. ఒక్క దీర్ఘం. అది గట్టిగా పలికి ఉంటే ఆయన ఆగి, అదేమిటని అడిగేవారు. అది లేకపోయేసరికి మామిళ్ళూ జామలూ అరటిబోదెలూ కళ్ళముందు కట్టుకుని, కెమెరాలోకి చూసుకుంటూ, మందుపాతర వైపు నడిచి వెళ్ళిపోయారు.

నేను లేచి పరుగెత్తాను. ఏమండీ అని పిలవబోతే గొంతు రాలేదు. అన్నిటికీ అరిచే నాకు, బావిని చూసి అరిచిన నాకు, అరవవలసిన ఒక్క సమయంలో గొంతులోంచి గాలి తప్ప ఏదీ రాలేదు. కాళ్ళకింద పలుగురాళ్ళు గుచ్చుకుంటున్న సంగతి కూడా ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నప్పుడే తెలిసింది. గుట్ట పైనుంచి ఎవరో ఈల వేశారు, పొడుగ్గా. ఆ ఈల వినగానే ముసలావిడ వెనకనుంచి నా కొంగు దొరకబుచ్చుకుని గుంజింది. ఆ వయసు మనిషికి అంత బలం ఎక్కడిదో, నన్ను ఒక వాలుబండ కిందికి తోసి, నా తల తన ఒళ్ళోకి అదిమిపెట్టి పైన తాను వంగింది. వదలమని గింజుకున్నాను. కొరికాను కూడా అనుకుంటాను.

"నువ్వు బోయి ఏం జేస్తవు బిడ్డా? ఇద్దరు బోతరా?" అంది. ఆవిడ దగ్గర మేకల వాసన, తంబాకు వాసన. ఆ మాట తర్వాత కాసేపు ఏ చప్పుడూ లేదు. ఆ కాసేపట్లో నేను ఏ దేవుణ్ణీ తలచుకోలేదు. పొద్దున బకెట్లో నానబెట్టి వచ్చిన ఆయన చారల చొక్కా గుర్తొచ్చింది. అది ఎవరు పిండుతారు, పిండి ఎక్కడ ఆరేస్తారు అని అదే ఆలోచన, ఆ చొక్కా తప్ప ఇంకేదీ బుర్రలో నిలవలేదు.

ముందు నేల కదిలింది, తర్వాత చప్పుడు వచ్చింది. చెవులతో విన్నట్టు లేదు, అరికాళ్ళలోంచి పొట్టలోకి వచ్చింది. మేకలు చెల్లాచెదురయ్యాయి. ఆపైన రాళ్ళు పడ్డం మొదలైంది, దూరంగా కొన్ని, దగ్గరగా కొన్ని, మేమున్న బండ మీద టకటకమని. అయిపోయిందనుకుని లేవబోతే ఆవిడ మళ్ళీ అదిమింది. ఇంకోటి పేలింది. ఇంకోటి. తర్వాత నిశ్శబ్దం. ఇక లేద్దామంటే, ఆగు, పేలంది ఏదన్న ఉంటే గప్పుడు లేసినోళ్ళే పోతరు అంది. ఎంతసేపు అలా ఉన్నామో నేను చెప్పలేను. దుమ్ము వచ్చి మమ్మల్ని కమ్మేసింది. అంత భయం నేను అంతకుముందు పడలేదు, ఆ తర్వాతా పడలేదు. అదివరకు నేను పడ్డవన్నీ భయాలే కావు, ఉత్త అలవాట్లు.

పైనుంచి మళ్ళీ ఈల వినిపించాక ఆవిడ నన్ను వదిలింది. దుమ్ములోంచి ఒక మనిషి వస్తున్నాడు. నెత్తినుంచి కాళ్ళదాకా తెల్లగా, ముగ్గుపిండిలో పొర్లినట్టు. మెడలో కెమెరా ఉంది. అప్పుడు నాకు గొంతు వచ్చింది. ఏమండీ, ఏమండీ అని పిలిచాను. ఆయన తిరిగి చూడలేదు. మళ్ళీ పిలిచాను. నాకు కొంచెం దూరంలోంచే, నన్ను చూడకుండా, చెరువు వైపు నడిచిపోతున్నారు. బతికున్న మనిషైతే పెళ్ళాం పిలిస్తే చూడడా అనుకున్నాను. నేను చూస్తున్నది మనిషిని కాదేమో అనుకున్నాను. పరుగెత్తి వెళ్ళి భుజం పట్టుకున్నాను. భుజం గట్టిగా, వెచ్చగా తగిలింది. ఆయన ఉలిక్కిపడి నావైపు తిరిగి, ఊరంతా వినపడేట్టు గట్టిగా, ఎంతో నిరాశగా చెప్పారు.

"అక్కడ తోటేం లేదు."

నేను ఆయన్ని కొట్టాను. కొట్టానని చెప్పుకోవడానికి సిగ్గేం లేదు, రెండు చేతులా గుండెల మీద కొట్టాను, కొడుతూనే ఏడ్చాను, ప్రతి దెబ్బకీ తెల్లటి దుమ్ము లేచింది. ఇంతలో గుట్ట వెనకనుంచి రాళ్ళు కొట్టే మనిషొకడు రొప్పుతూ వచ్చాడు. మలుపు తిరిగిన ఈయన్ని చూసి అతను కాలర్ పట్టుకుని ఒక గోతిలోకి ఈడ్చాడట. మా ఇద్దర్నీ కలిపి తిట్టాడు, ఎర్రగుడ్డ గట్టినం కనవడలేదా, సదువుకున్నోళ్ళ లెక్కనే ఉన్నరు అని. ఆయనకి ఏదీ వినపడడంలేదు, అతను కుశలం అడుగుతున్నాడనుకుని నమస్కారాలు పెడుతున్నారు. అది చూసి ముసలావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత తన సీసాలో నీళ్ళు తాగించి, బతికిండు గద, ఇగ ఇంటికి తోల్కపో, లాస్ట్ బస్ పోతది అని, చెదిరిపోయిన మేకల్ని తిట్టుకుంటూ గుట్ట పక్కకి వెళ్ళిపోయింది. ఆవిడ పేరేమిటో అడగాలని తోచలేదు. కెమెరా ఉంది, అందులో ఫిల్ము ఉంది, ఆవిడ ఫోటో తీయాలని ఫోటోలు తీసే ఆయనకీ తోచలేదు.

ఉస్మానియా దవాఖానలో చూపిస్తే ఎడమచెవి కొన్నాళ్ళకి బాగవుతుందన్నారు, అయింది. కుడిచెవి పోయింది.

ఇక ఆ ఫోటో. గుట్ట ముందు తీసింది చక్కగా వచ్చింది. దాన్నే పెద్దాయన ఖైరతాబాద్ చిత్రకారుడికిచ్చారు. మా ఆయన వెంట వెళ్ళి, గుట్ట కింద ఒక తోట రాయమని చెప్పి, మామిడిచెట్లూ అరటిచెట్లూ నడుమ ఒక కాలవా దగ్గరుండి పెట్టించారు. చిత్రకారుడు తనవంతుగా కాలవలో రెండు హంసల్ని వదిలాడు. కంపకి కట్టిన ఎర్రగుడ్డ మందారం పొద అయింది. ఆ తెర జనానికి తెగ నచ్చింది. నుమాయిష్‌లో మా స్టాలు ముందు పల్లెటూళ్ళనుంచి వచ్చిన కుటుంబాలు వరస కట్టేవి. ఇది ఏ ఊరు సారూ అని అడిగితే మా ఆయన పెద్ద గొంతుతో, మన దగ్గరే, గుట్ట వెనక అనేవారు. చివరికి తోట పెట్టాం కదా అని నన్ను ఏడిపించేవారు. ఆయనకి అది నవ్వులాట. నేను మాత్రం లోపల టచింగ్ బల్ల దగ్గర కూర్చుని, ఎవరి పెళ్ళికూతురి ముఖం దిద్దుతున్నా వెనక ఆ గుట్టని చూడవలసి వచ్చేది. నెగెటివులో ఆకాశం నల్లగా, గుట్ట తెల్లగా, దుమ్ము రంగులో ఉంటుంది. పెన్సిలు పక్కన పెట్టేదాన్ని. కాసేపు ఆపి, బయట ఆయన గొంతు వినపడేదాకా ఆగి, మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. గట్టిగా మాట్లాడే మనిషి కావడం నాకు ఆ విధంగా మేలైంది.

చాలా ఏళ్ళకి ఒకసారి ఆయన ముచ్చటపడితే ఆ గుట్ట చూద్దామని వెళ్ళాం. అక్కడ గుట్ట లేదు. ఎత్తయిన మేడలు, వాటి వెనక కంచె, కంచె అవతల లోతైన గొయ్యిలో ఆకుపచ్చటి నీళ్ళు. ఆయన కంచె పట్టుకుని చాలాసేపు చూశారు. నేను అలవాటు కొద్దీ చొక్కా వెనక పట్టుకున్నాను. మేకలు తోలుకునే మనుషులు అక్కడెక్కడా కనిపించలేదు, గేటు దగ్గర కాపలా అతను మమ్మల్ని ఎవరి ఫ్లాటుకని అడిగాడు.

ఇప్పుడు స్టూడియోలు లేవు, టచింగ్ ఫోను తానే చేస్తుందిట. అబిడ్స్ అంతా అప్పటికంటే పదింతల రద్దీ, నాంపల్లి నెత్తిమీద మెట్రో. చెవి పోయిన తర్వాత రోడ్డు మీద ఆయనకి కుడిపక్కన నడవడం నా పని అయింది. అటునుంచి వచ్చే బస్సూ స్కూటరూ ఆయన చెవికి నేనే. అబిడ్స్ రోడ్డునీ నాంపల్లి రోడ్డునీ అలా ఎన్ని వేలసార్లు దాటామో, దాటిన ప్రతిసారీ నా గుండె దడదడలాడేది, అవతలి గట్టు చేరాక ఆయన ఏమీ జరగనట్టు పాన్‌డబ్బా దగ్గర ఆగేవారు. అన్ని గుట్టల మీదా బావుల దగ్గరా నేను భయపడ్డదేదీ జరగలేదు. ఆయన కొన్నేళ్ళ కిందట, మధ్యాహ్నం భోజనం చేసి పడుకుని, పక్క గదిలో నేను చిక్కుళ్ళు ఒలుస్తుండగా, నిద్రలోనే పోయారు. ఆ రోజు నాకు ఏ భయమూ వేయలేదు. సాయంత్రం టీ పెట్టి లేపడానికి వెళ్ళాను.

మొన్న స్టేషను ముందు రోడ్డు దాటుతుంటే ఒక ఆటో అతను సడన్‌గా బ్రేకు వేసి, తల బయట పెట్టి, కోపంగా కాదు, మామూలుగానే అడిగాడు. "ఏందమ్మా, పక్కపొంటి ఎవరన్న వస్తున్నరా? గంత జాగ ఇడిసి నడుస్తున్నవ్."

చూసుకుంటే నా ఎడమపక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి నడుస్తున్నాను. ఎవరూ లేరు నాయనా అని చెప్పి మిగతా రోడ్డు దాటాను. ఒక పెద్ద బస్సు హారను కొట్టుకుంటూ నా పక్కనుంచే పోయింది, నాకు గుండె దడ కూడా రాలేదు. పుట్టు పిరికిదాన్ని కదా, ఇదేమిటని నాకే ఆశ్చర్యం వేసింది. అవతలి గట్టున పాన్‌డబ్బా దగ్గర కాసేపు నిలబడిపోయాను. నాకోసం నేను భయపడడం ఎప్పుడు మానేశానో నాకే తెలియదు.